ద సాంగ్ ఆఫ్ బెర్నడెట్ సినిమా: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఏడాదీ ఫిబ్రవరి 11 దగ్గరపడుతుంటే నేను ఈ సినిమా మళ్లీ పెట్టుకుంటాను. ఇంటికి వచ్చినవాళ్లకూ, ఫోన్లో మాట్లాడినవాళ్లకూ చూడమని చెప్తాను. చూసినవాళ్లు, చూడాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. కథ చివరిదాకా మాట్లాడాను కాబట్టి, ముగింపు ముందే తెలియకూడదనుకుంటే సినిమా చూసొచ్చి చదవండి.

అసలు ఇది ఏ సినిమా? దేని గురించి?

1943 చివర్లో అమెరికాలో విడుదలైంది. ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ వాళ్లు తీశారు. దర్శకుడు హెన్రీ కింగ్, స్క్రీన్‌ప్లే జార్జ్ సీటన్. ఫ్రాన్స్‌లో దక్షిణాన, స్పెయిన్ సరిహద్దు దగ్గర, పిరనీస్ కొండల కింద లూర్దు అనే ఊరుంది. 1858లో ఆ ఊళ్లో బెర్నడెట్ సూబిరూ అనే 14 ఏళ్ల పేదపిల్ల కట్టెలు ఏరుకోవడానికి వెళ్లి, కొండ గుహలో తెల్లటి బట్టలు కట్టుకున్న ఒక అందమైన అమ్మను చూశానని చెప్పింది. ఆ మాట చెప్పినందుకు ఆ పిల్లను ఇంట్లో తిట్టారు, బడిలో అవమానించారు, పోలీసులు పిలిచి ప్రశ్నించారు. తర్వాత జనం వేలల్లో వెంటపడ్డారు. ఎవరేం చేసినా ఆ పిల్ల చెప్పిన మాట మారలేదు. సినిమా అంతా ఇదే.

చూసింది చూసినట్టు చెప్పడం అనేది ఎంత కష్టమైన పనో ఈ సినిమా చూశాకే నాకు అర్థమైంది.

నలుపు తెలుపు సినిమా, 156 నిమిషాలు. ఇప్పుడు కూర్చుని చూడగలమా?

చూడగలరు. మొదటి 15 నిమిషాలు మాత్రం ఓపిక పట్టండి. ఫోన్ పక్క గదిలో పెట్టేయండి.

ఆ మొదటి నిమిషాల్లో కథ నడిచినట్టు కనపడదు గానీ, తర్వాత జరిగేదానికి పునాది అంతా అక్కడే పడుతుంది. ఒకే గది. అందులో అమ్మ, నాన్న, పిల్లలు. చలి. ఒకప్పుడు పిండి మిల్లు నడిపిన నాన్న ఫ్రాన్స్వా ఇప్పుడు తెల్లారకముందే లేచి, ఏ పూటకాపూట కూలి కోసం తిరగాలి. ఆసుపత్రిలో రోగుల మురికి గుడ్డలు, చెత్త బండిలో వేసుకుని ఊరి బయట మస్సబియెల్ దగ్గర తగలబెట్టే పని దొరుకుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఊరు తన మురికినంతా పారేసే చోటికే తర్వాత ఆ అమ్మ వచ్చింది. సినిమా ఈ మాట ఎక్కడా నోటితో చెప్పదు. బండి వెళ్లిన దారి చూపించి వదిలేస్తుంది.

నేను క్రైస్తవుణ్ణి కాదు. అసలు దేవుడి మీదే నమ్మకం లేదు. నాకు ఎక్కుతుందా?

నన్ను ఎక్కువమంది అడిగింది ఇదే. సినిమా మొదట్లో తెర మీద ఒక మాట పడుతుంది. దేవుణ్ణి నమ్మేవాళ్లకు వివరణ అక్కర్లేదు, నమ్మనివాళ్లకు వివరించడం సాధ్యం కాదు అని. చాలామంది ఈ వాక్యాన్ని మెచ్చుకుంటారు. నాకు మాత్రం అది సినిమాకు అన్యాయం చేస్తుందనిపిస్తుంది. నమ్మనివాళ్లను బయటే నిలబెట్టే వాక్యం అది. సినిమా అలా చేయదు. నమ్మనివాళ్లను లోపలికి పిలిచి, మంచి కుర్చీలు వేసి కూర్చోబెడుతుంది.

ఇందులో నమ్మని పాత్రలు ఎవరూ బుర్రలేనివాళ్లు కాదు. ప్రాసిక్యూటర్ డ్యుటూర్ తెలివైనవాడు. డాక్టర్ డోజూ నిజాయితీగా పరీక్ష చేసి, ఈ పిల్లకు పిచ్చి లేదు, అబద్ధం ఆడటం లేదు, నాకు తెలిసింది ఇంతే అంటాడు. ఊరి చర్చికి పెద్ద అయిన పేరమాల్ ఫాదర్ గారే చాలాకాలం నమ్మడు. ఆ అమ్మ నిజంగా ఉంటే ఈ చలిలో గులాబీ పొద పూయించమను చూద్దాం అంటాడు. అంటే మీకు వచ్చే ప్రతి అనుమానాన్నీ సినిమాలో మీకంటే ముందే ఎవరో ఒకరు అడుగుతారు.

బెర్నడెట్ కూడా ఎవర్నీ నమ్మించాలని చూడదు. చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నాను, మిమ్మల్ని నమ్మించే పని నాకు అప్పజెప్పలేదు అని ఆమె అన్నట్టు చరిత్రలో ఉంది. ఈ ఒక్క మాట పట్టుకుని సినిమా చూడండి, మీ నమ్మకం ఏదైనా సరే.

లూర్దులో నిజంగా ఏం జరిగింది?

నమోదైన సంగతులు ఇవి. బెర్నడెట్ 1844 జనవరి 7న పుట్టింది. మిల్లు పోయి, అప్పులై, కుటుంబం చివరికి ఒక పాత జైలు గదికి చేరింది. ఖైదీలను ఉంచడానికే పనికిరాదని వదిలేసిన గది అది. 1857లో పిండి దొంగతనం చేశాడన్న అనుమానంతో నాన్నను కొన్ని రోజులు జైల్లో పెట్టారు కూడా. పిల్లకు ఉబ్బసం. చదువు రాలేదు. ఇంట్లో మాట్లాడేది ఆ ప్రాంతపు గాస్కన్ యాస, ఫ్రెంచి కూడా సరిగ్గా రాదు.

1858 ఫిబ్రవరి 11, గురువారం. ఇంట్లో పొయ్యిలోకి కట్టెల్లేవు. చెల్లెలు, ఇంకో స్నేహితురాలితో కలిసి గావ్ నది ఒడ్డున మస్సబియెల్ గుహ దగ్గరికి వెళ్లింది. మిగతా ఇద్దరూ నీళ్లు దాటేశారు. ఉబ్బసం ఉన్న పిల్ల చన్నీళ్లలో దిగడానికి భయపడి, మేజోళ్లు విప్పుకుంటూ వెనక ఉండిపోయింది. గాలి వీచిన చప్పుడైంది. తలెత్తి చూస్తే చెట్లు కదలడం లేదు. గుహ వైపు చూసింది.

ఆ రోజు మొదలుకొని జూలై 16 దాకా 18 సార్లు చూశానని చెప్పింది. ఆమె మొదట్లో మరియమాత అనలేదు. వాళ్ల యాసలో "అకెరో" అంది, అంటే "అది". తాను చూసినదానికి తనంతట తాను పేరు పెట్టడానికి కూడా ఒప్పుకోలేదన్నమాట.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ఆ అమ్మ తనను గౌరవంగా, మనం "మీరు" అన్నట్టుగా పిలిచిందని బెర్నడెట్ చెప్పింది. 15 రోజులు ఇక్కడికి రావడానికి దయచేస్తారా అని అడిగిందట. జైలు గదిలో ఉండే పిల్లను, ఊళ్లో ఎవరూ అలా పిలిచి ఉండరు.

ఈ కథ రాసింది యూదు రచయిత అంటారు, నిజమేనా?

నిజమే. ఫ్రాంజ్ వెర్ఫెల్ ప్రాగ్‌లో పుట్టిన యూదుడు, జర్మన్ భాషలో రాసేవాడు. 1940లో ఫ్రాన్స్ నాజీల చేతికి చిక్కినప్పుడు భార్య ఆల్మాతో కలిసి పారిపోతూ కొన్ని వారాలు లూర్దులో తలదాచుకున్నాడు. దొరికితే ప్రాణం పోతుంది. ఆ రోజుల్లోనే బెర్నడెట్ కథ విన్నాడు. ఇక్కణ్ణుంచి బతికి బయటపడి అమెరికా చేరితే ముందు ఈ పిల్ల పాట పాడతాను అని మొక్కుకున్నాడు. పిరనీస్ కొండలు కాలినడకన దాటి స్పెయిన్, అక్కణ్ణుంచి పోర్చుగల్, అక్కణ్ణుంచి ఓడలో అమెరికా చేరాడు. 1941లో నవల వచ్చింది.

మన దగ్గర మొక్కు తీర్చుకోవడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఆ నవల ఒక మొక్కు. యాభై అధ్యాయాలు, పదేసి చొప్పున ఐదు భాగాలు. జపమాల పూసల లెక్క అది. వేరే మతంవాడు, ఈ మతంవాళ్ల తీరునే దండ గుచ్చి ఇచ్చాడు.

సినిమా చూసేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకుంటే, పోలీసుల ముందు ఆ పిల్ల నిలబడే దృశ్యాలు వేరే రకంగా కనిపిస్తాయి. అధికారుల ప్రశ్నలంటే ఏమిటో, కాగితాల్లేకుండా సరిహద్దు దగ్గర నిలబడటం అంటే ఏమిటో తెలిసినవాడు రాసిన కథ ఇది.

దర్శనాన్ని తెర మీద ఎలా చూపించారు? మన భక్తి సినిమాల్లోలా ఉంటుందా?

కొంచెం ఉంటుంది, కొంచెం ఉండదు. మన దగ్గర అదే 1943లో కె.వి.రెడ్డి గారి తొలి సినిమా, నాగయ్య గారు నటించిన భక్త పోతన వచ్చింది. దేవుడు తెర మీద ప్రత్యక్షమైతే దండం పెట్టుకునే ప్రేక్షకులం మనం. ఈ సినిమాలోనూ ఆ అమ్మ కనిపిస్తుంది, తెల్లటి బట్టల్లో, చుట్టూ వెలుగుతో. ఆ పాత్ర వేసింది లిండా డార్నెల్. పేర్లలో ఆమె పేరు వేయలేదు.

అమ్మను అసలు చూపించకుండా ఉండాల్సింది అనేవాళ్లున్నారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. మూడు నాలుగుసార్లు చూశాక ఒకటి గమనించాను. కెమెరాకు అసలు పని అమ్మతో లేదు. ఒక్క చూపు చూపించి, వెంటనే బెర్నడెట్ ముఖం మీదికి వచ్చేస్తుంది. అక్కడే నిలబడుతుంది. చలికి నీలిరంగు తేలిన పిల్ల ముఖం, నెమ్మదిగా, ఎవరో లోపల దీపం పెట్టినట్టు మారుతుంది. నోరు కొంచెం తెరుచుకుంటుంది. రెప్ప వేయడం మర్చిపోతుంది. ఊరికే ఆనందపడ్డట్టు ఉండదు. ముందు ఆశ్చర్యం, తర్వాత కాస్త భయం, ఆ తర్వాత భయపడాల్సిన పనిలేదని తెలియడం. ఇవన్నీ మాట లేకుండా.

ఛాయాగ్రాహకుడు ఆర్థర్ మిల్లర్‌కు ఆస్కార్ వచ్చింది. జైలు గదిలో చీకటినీ, గుహ దగ్గర వెలుగునూ ఆయన ఎలా వాడాడో చూడండి. నలుపు తెలుపు కావడం ఈ సినిమాకు కలిసొచ్చింది. రంగుల్లో తీసి ఉంటే ఆ అమ్మ నడుముకున్న నీలం పట్టీ వైపే కళ్లు వెళ్లేవి.

జెన్నిఫర్ జోన్స్ ఎవరు? నిజంగా 14 ఏళ్ల పిల్లేనా?

కాదు. సినిమా తీసేనాటికి ఆమెకు 24 ఏళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. అంతకుముందు ఫిలిస్ ఐస్లీ అనే సొంత పేరుతో ఒకటి రెండు చిన్న సినిమాల్లో చేసింది. నిర్మాత డేవిడ్ సెల్జ్నిక్ కొత్త పేరు పెట్టాడు, ఈ సినిమాలో కొత్త నటిగా పరిచయం చేశారు.

ఆమెను ఎంచుకున్న తీరు గురించి ప్రసిద్ధమైన కథ ఒకటుంది. పరీక్షకు వచ్చిన అమ్మాయిలందర్నీ, కెమెరా వెనక ఎత్తిపట్టుకున్న ఒక కర్ర వైపు చూసి, దర్శనం చూస్తున్నట్టు నటించమన్నారట. మిగతావాళ్లు చూశారు, ఈమెకు మాత్రం కనిపించింది అని దర్శకుడు చెప్పినట్టు చెప్పుకుంటారు. చూడటానికీ కనపడటానికీ మధ్య తేడా తెలుగులో రెండు వేర్వేరు మాటల్లోనే ఉంది. ఆమె ముఖంలో ఉన్నది రెండోది.

1944 మార్చి 2న, సరిగ్గా ఆమె 25వ పుట్టినరోజున, ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది.

ఆస్కార్లు ఎన్ని వచ్చాయి?

12 నామినేషన్లు, 4 అవార్డులు. నటి, ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, సంగీతం. ఆ ఏడాది ఉత్తమ చిత్రం కాసాబ్లాంకాకు వెళ్లింది. గోల్డెన్ గ్లోబ్ అవార్డులు మొట్టమొదటిసారి ఇచ్చింది ఆ సంవత్సరమే, అందులో ఉత్తమ చిత్రం ఇదే.

సంగీతం గురించి అంతగా చెప్తారెందుకు?

సంగీతం ఆల్ఫ్రెడ్ న్యూమన్. మొదటి దర్శనం సీన్‌ను ఒకసారి కళ్లు మూసుకుని వినండి. ముందు గాలి చప్పుడు. ఆ గాలిలోంచే వాయిద్యాలు ఎప్పుడు మొదలయ్యాయో తెలియదు. సన్నగా, వినపడీ వినపడకుండా. అమ్మ కనిపించాక గానీ గొంతులు కలవవు. ఇప్పుడు ఏడవండి అని వెనకనుంచి తోసే సంగీతం అది కాదు.

ఈ సినిమాకు ముందు ఇగోర్ స్ట్రావిన్‌స్కీని అనుకున్నారు. దర్శనం సీన్ కోసం ఆయన కొంత రాసుకున్నాడు కూడా. సినిమా చేజారాక ఆ సంగీతం ఆయన సింఫనీ ఇన్ త్రీ మూవ్‌మెంట్స్ రెండో భాగంలోకి వెళ్లింది. రెండూ పక్కపక్కన విని చూడండి, ఒకే దర్శనం ఇద్దరికి ఎంత వేరుగా వినిపించిందో తెలుస్తుంది.

ఊట సీన్‌లో ఆ పిల్ల మట్టి ఎందుకు తింటుంది? చూడలేకపోయాను.

చూడలేనట్టే తీశారు. జరిగింది ఫిబ్రవరి 25న. ఊటలో నీళ్లు తాగి ముఖం కడుక్కోమని ఆ అమ్మ చెప్పింది. అక్కడ ఊట లేదు. బెర్నడెట్ నది వైపు నడిచింది, అటు కాదన్నట్టు అనిపించి వెనక్కి వచ్చింది, గుహ మూల నేల గీరడం మొదలెట్టింది. బురద వచ్చింది. ఆ బురదే నోట్లో పెట్టుకుంది, ముఖానికి పూసుకుంది. అక్కడి గడ్డి పీకి తింది.

అప్పటిదాకా ఆ పిల్లను చూసి మోకాళ్ల మీద నిలబడ్డ జనం ఒక్క నిమిషంలో మారిపోయారు. పిచ్చిది అన్నారు. నవ్వారు. పిన్నమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాల్సి వచ్చింది. తెర మీద ఆ పిల్ల ముఖం చూడండి. బురద కారుతుంటుంది. జనం ఎందుకు నవ్వుతున్నారో ఆమెకు అర్థం కాదు. చెప్పింది చేసింది, అంతే. దర్శనం చూడటం కంటే ఇది పెద్ద పరీక్ష అని నేననుకుంటాను. వెలుగు కనిపించినప్పుడు మోకాళ్లూనడం కష్టం కాదు. అందరూ చూస్తుండగా బురద తినమంటే తినడం కష్టం.

అందరూ వెళ్లిపోయాక ఆ తడి మట్టిలోంచి సన్నటి ధార మొదలవుతుంది. బూరియెట్ అనే రాళ్లు కొట్టుకునే మనిషి, చూపు పోయిన కంటికి ఆ తడి మట్టి పెట్టుకుంటాడు. అక్కణ్ణుంచి కథ ఆ పిల్ల చేతుల్లోంచి కూడా జారిపోయి ఊరిదైపోతుంది.

ఆ అమ్మ తన పేరు చెప్పిన మాటకు ఫాదర్ గారు అంత కదిలిపోతారెందుకు?

మార్చి 25న ఆ అమ్మ చెప్పిన మాట "నేను నిష్కళంకోద్భవిని". మనుషులందరికీ పుట్టుకతోనే ఉంటుందని క్రైస్తవులు నమ్మే జన్మపాపం అంటకుండా పుట్టినదాన్ని అని అర్థం. ఈ విశ్వాస సత్యాన్ని తొమ్మిదో పయస్ పోపుగారు అధికారికంగా ప్రకటించి అప్పటికి నాలుగేళ్లు కాలేదు, 1854 డిసెంబరులో. ఆ మాటలు చదువుకున్న గురువులకు తెలుసు. త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ ఒకే దేవుడన్న బోధ గురించి అడిగితేనే జవాబు చెప్పలేక బడిలో తలదించుకున్న పిల్లకు ఎలా తెలుస్తాయి? మర్చిపోకుండా ఉండటానికి దారి పొడుగునా ఆ మాటనే వల్లించుకుంటూ వచ్చింది.

పేరమాల్ పాత్ర వేసిన చార్లెస్ బిక్‌ఫర్డ్ ఇక్కడ ఏమీ చేయడు. గొంతు తగ్గుతుంది, అంతే. ఇంతసేపూ ఉరిమినట్టు మాట్లాడిన పెద్దమనిషి ఒక్కసారి మెత్తబడిపోతే, దానికి మించిన నటన ఇంకేం కావాలి?

ఇందులో విలన్ ఎవరు? అధికారులా?

అధికారులు అడ్డుపడతారు. పోలీసు అధికారి జాకొమే, ప్రాసిక్యూటర్ డ్యుటూర్, మేయరు అందరూ. నిజ చరిత్రలో జాకొమే ఆ పిల్ల చెప్పింది రాసుకుని, తిరిగి చదువుతూ కావాలని కొన్ని మాటలు మార్చేవాడు. ఆమె ప్రతిసారీ "లేదండీ, మీరు మార్చేశారు" అనేది. జూన్‌లో గుహకు కంచె వేశారు. అక్టోబరులో మూడో నెపోలియన్ ఆజ్ఞతో తీసేశారు.

డ్యుటూర్‌గా విన్సెంట్ ప్రైస్ చేశాడు. ఆయన్ను విలన్ అనడానికి నాకు నోరు రాదు. మూఢత్వం నుంచి ఊరిని కాపాడుతున్నానని మనస్ఫూర్తిగా అనుకునే మనిషి. చివర్లో గొంతు జబ్బుతో, వేలమంది రోగుల మధ్య తానూ ఒకడిగా ఆ గుహ ముందుకు వచ్చి నిలబడతాడు. మోకాళ్లూని, తన కోసం ప్రార్థించమని బెర్నడెట్‌ను అడుగుతాడు. నయమైందని సినిమా చూపించదు. అలా వదిలేయడమే సరైన పని.

రెండో సగం, కాన్వెంట్ భాగం, బోర్ కొట్టింది. ఏమైనా మిస్సయ్యానా?

మిస్సయ్యారు. కోపంగా అనట్లేదు, నేనూ మొదటిసారి మిస్సయ్యాను. ఊట వచ్చింది, జనం వచ్చారు, గుహ తెరిచారు, ఇంక కథ అయిపోయింది కదా అనిపిస్తుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

దర్శనాలు ఆగిపోయాయి. బెర్నడెట్ 1866లో నెవేర్ ఊళ్లోని మఠంలో చేరింది. ఇక ఆ అమ్మ కనిపించదు. ఒకసారి చూసినదాన్ని గుండెలో పెట్టుకుని, మామూలు పనులు చేసుకుంటూ, మిగతా జీవితమంతా గడపాలి. పరలోకంలో తప్ప ఈ లోకంలో నిన్ను సుఖపెడతానని మాట ఇవ్వను అని ఆ అమ్మ ముందే చెప్పింది కూడా.

అక్కడ కొత్త సిస్టర్లను తీర్చిదిద్దే పెద్ద సిస్టర్ వోజూ. ఈ పాత్రలో గ్లాడిస్ కూపర్‌ను చూడటం కోసమే నేను సినిమా మళ్లీ మళ్లీ పెడతాను. ఈమె జీవితమంతా దేవుడి కోసం ఉపవాసాలుండి, నిద్ర మానుకుని, శరీరాన్ని నలగ్గొట్టుకుంది. గొంతు ఎండిపోయేదాకా జపం చేసింది. ఆమెకు ఏమీ కనిపించలేదు. ఏ కష్టమూ పడని ఈ చదువురాని పిల్లకు కనిపించిందా? నన్ను కాదని నిన్నెందుకు? ఇంతకాలం దాచుకున్న అసూయను ఆమె ఆ పిల్ల ముఖం మీదే బయటపెడుతుంది. నువ్వు దేవుడు ఎంచుకున్నదానివైతే నువ్వు పడ్డ బాధ ఏదో చూపించు అంటుంది.

బెర్నడెట్ వాదించదు. నెమ్మదిగా అంగీ అంచు పైకి ఎత్తి మోకాలు చూపిస్తుంది. మనకు ఆ కాలు కనపడదు. సిస్టర్ వోజూ ముఖం కనపడుతుంది. ఎముకకు క్షయ. నిలబడితేనే ప్రాణం పోయేంత నొప్పి, ఇన్నాళ్లూ ఒక్క మాట పైకి అనలేదు. సినిమా మొదట్లో ఆ అమ్మను చూసే బెర్నడెట్ ముఖాన్ని చూపించినట్టే, ఇక్కడ బెర్నడెట్‌ను చూసే సిస్టర్ వోజూ ముఖాన్ని చూపిస్తారు. ఇన్నేళ్లు తపించిన ఆమెకు చివరికి ఒక దర్శనం దొరికింది. ఆ తర్వాత ఆమె గుడిలో సిలువ ముందు పడి క్షమాపణ అడుగుతుంది, ఈ పిల్లకు సేవ చేసుకోనివ్వమని వేడుకుంటుంది.

అప్పుడు ఎవరో లూర్దు ఊట దగ్గరికి వెళ్లమంటే, ఆ ఊట నా కోసం కాదు అంటుంది బెర్నడెట్. గొంతులో బాధ ఉండదు.

సినిమాలో ఎంత నిజం, ఎంత కల్పన?

ముఖ్యమైన సంఘటనలు, తేదీలు, చాలామంది మనుషులు నిజం. కొన్ని మార్పులున్నాయి. సిస్టర్ వోజూ నిజంగా ఉన్నారు, నెవేర్‌లో బెర్నడెట్‌కు పైన ఉన్నది ఆమే, కానీ లూర్దు బడిలో పాఠం చెప్పింది ఆమె కాదు. ఒకే మనిషిని రెండు చోట్లా పెట్టడం కథ కోసం. నికొలౌ అనే మిల్లు యువకుడు నిజం, అతనికి బెర్నడెట్ మీద ప్రేమ కల్పన. ప్రాసిక్యూటర్ గొంతు జబ్బు కల్పన. చివర్లో పేరమాల్ ఫాదర్ గారు బెర్నడెట్ మంచం పక్కన నిలబడి చెప్పే మాటలకు నేను ప్రతిసారీ కళ్లు తుడుచుకుంటాను గానీ, నిజానికి ఆయన 1877లోనే చనిపోయారు. బెర్నడెట్ 1879 ఏప్రిల్ 16న, 35 ఏళ్ల వయసులో కన్నుమూసింది. 1933 డిసెంబరు 8న పునీతురాలిగా ప్రకటించారు.

లూర్దులో రోగాలు నయమవుతాయన్నది చర్చి ఒప్పుకుంటుందా?

చాలా జాగ్రత్తగా. వేల సంఖ్యలో నమోదైన వాటిలో, డాక్టర్ల పరిశీలన తర్వాత అద్భుతాలుగా ఒప్పుకున్నవి 70 పైచిలుకే.

గుణదలకూ ఈ సినిమాకూ సంబంధం ఏమిటి?

విజయవాడ గుణదల కొండ మీదున్నది లూర్దు మాతే. 1924లో ఆర్లాటి ఫాదర్ గారు ఆ కొండ గుహలో స్వరూపాన్ని పెట్టారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లు. 11 ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు, బెర్నడెట్ కట్టెలకు వెళ్లిన రోజు అది. కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, తలనీలాలు ఇచ్చేవాళ్లు, బొట్టు పెట్టుకున్నవాళ్లు, జపమాల పట్టుకున్నవాళ్లు అందరూ ఒకే మెట్ల మీద ఎక్కుతారు.

చిన్నప్పుడు ఆ మెట్లు ఎక్కినప్పుడల్లా గుహలో అమ్మను చూసేవాణ్ణి. సినిమా చూశాక, లూర్దు గుహల దగ్గర అమ్మ ఎదురుగా కింద మోకరించి ఉండే చిన్న బొమ్మ వైపు చూడటం నేర్చుకున్నాను. ఇలాంటి గుహ మీ ఊరి చర్చి ఆవరణలోనూ ఉండొచ్చు. తలకు గుడ్డ కట్టుకుని, చేతిలో జపమాలతో పైకి చూస్తున్న పిల్ల ఉంటే ఆ పిల్ల పేరు బెర్నడెట్. మన వాళ్లు బెర్నదెత్త అంటారు.

పిల్లలతో చూడొచ్చా?

పదేళ్లు దాటినవాళ్లతో హాయిగా చూడొచ్చు. బడి సీన్లు వాళ్లకు బాగా పడతాయి. ఒక్కసారికి కాకుండా రెండు రోజులు చేసి చూపించండి, ఆమె లూర్దు వదిలి వెళ్లేచోట ఆపండి. చివర్లో జబ్బు, మరణం ఉన్నాయి, పక్కన కూర్చోండి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇంగ్లీషు రాదు. చూపించినా అర్థమవుతుందా?

మా అమ్మమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఒక ఫిబ్రవరిలో, మోకాళ్ల నొప్పుల వల్ల గుణదల కొండ ఎక్కలేనని బెంగపెట్టుకుంటే ఇంట్లో ఈ సినిమా పెట్టాను. పక్కన కూర్చుని అక్కడక్కడా చెప్పబోయాను. "నువ్వుండరా, తెలుస్తోంది" అంది. చేతిలో జపమాల నడుస్తూనే ఉంది. దర్శనం సీన్‌లో దండం పెట్టుకుంది. బురద సీన్‌లో "అయ్యో తల్లీ" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిస్టర్ వోజూ మాట్లాడుతుంటే మాత్రం పూసలు కదపడం ఆపేసింది. ఆ మోకాలు చూపించాక చాలాసేపు తెర వైపే చూస్తూ ఉండిపోయింది.

రాత్రి ఇంట్లో అందరం జపమాల చెప్పుకున్నాం. అంతా అయ్యాక, మేము లేవబోతుంటే, అమ్మమ్మ మరియమాతకు చెప్పే మంగళవార్త జపం ఇంకోటి ఎత్తుకుంది. ఎవరి కోసమని అడిగాను. బెర్నడెట్ కోసం అంటుందనుకున్నాను.

"ఆ పెద్ద సిస్టరమ్మ కోసం రా" అంది.